రక్తం నెలలో కోలుకుంటే రోగనిరోధక శక్తికి రెండేళ్లెందుకు?

క్లుప్తంగా: రోగక్రిములతో పోరాడే టీ కణాలకు మూలం ఎముక మజ్జలోని రక్త మూలకణమే. కానీ అవి టీ కణాలుగా తయారయ్యేది మజ్జలో కాదు, రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో. అందుకే మజ్జ మార్పిడి తర్వాత రక్తకణాల కౌంట్ కొన్ని వారాల్లో పెరిగినా, టీ కణాల బలం తిరిగి రావడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

సరిహద్దు జిల్లాల్లో ఈ ప్రశ్న ఎందుకు వస్తోంది

మహారాష్ట్రలో సిరొంచ, అహేరి, రాజురా. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఈ ఊళ్ల చుట్టుపక్కల సికిల్ సెల్ వ్యాధి (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) కొత్త మాట కాదు. గోండులు, మాడియాలు, సవరలు వంటి గిరిజన సమూహాల్లోనే కాక, కొన్ని ఎస్సీ, బీసీ కులాల్లోనూ ఈ జన్యువు ఉంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు వాళ్లలో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఫలితం రాసిన కార్డులు ఇళ్లకు చేరేసరికి తర్వాతి ప్రశ్న మొదలైంది: దీన్ని పూర్తిగా నయం చేసే దారి ఏదైనా ఉందా?

ఉంది. చాలాకాలంగా ఉన్నది మజ్జ మార్పిడి. కొత్తగా వచ్చింది జన్యు సవరణ. క్యాస్‌గెవీ అనే జన్యు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ రూపొందించిన బిర్సా 101 అనే దేశీయ చికిత్సను 2025 నవంబరులో ప్రకటించారు. రెండు దారుల్లోనూ రోగికి ఎక్కించేది రక్త మూలకణాలనే.

గందరగోళం ఇక్కడే. విశాఖపట్నం, హైదరాబాద్, నాగ్‌పూర్ లాంటి చోట్ల మార్పిడి చేయించుకున్నవాళ్లకు మూడు నాలుగు వారాల్లో కౌంట్ వస్తుంది. డిశ్చార్జి చేస్తారు. కానీ ఆ కాగితాల మీద జాగ్రత్తల జాబితా నెలల తరబడి సాగుతుంది: జనంలోకి వెళ్లొద్దు, జ్వరం వస్తే ఆగకుండా రండి, మీజిల్స్ టీకా రెండేళ్ల దాకా వద్దు. సెల్స్ ఎక్కాయి, కౌంట్ వచ్చింది, ఇంకా భయం దేనికని ఇంట్లోవాళ్లు అడగడం సహజం. మలేరియా, టీబీ రెండూ ఉన్న గడ్చిరోలి, మల్కనగిరి, కోరాపుట్ లాంటి జిల్లాల్లో ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోతే నష్టం చిన్నది కాదు.

ఒకే ఏడాది, రెండు ప్రయోగాలు

కథ 1961లో రెండు చోట్ల విడివిడిగా మొదలైంది. కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ రేడియేషన్‌తో మజ్జ దెబ్బతిన్న ఎలుకలకు వేరే ఎలుకల మజ్జ ఎక్కించారు. కొన్ని రోజులకు ఆ ఎలుకల ప్లీహం మీద చిన్న చిన్న గడ్డలు కనిపించాయి. ఒక్కో గడ్డ ఒక్క కణం నుంచే పుట్టిందనీ, అందులో రకరకాల రక్తకణాలు ఉన్నాయనీ తర్వాత తేలింది. రక్త మూలకణానికి అదే తొలి గట్టి ఆధారం.

అదే ఏడాది లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల థైమస్ తీసేశాడు. అవి పెరిగాక వాటిలో లింఫోసైట్లు (టీ, బీ కణాలు ఉండే తెల్లకణాల రకం) తగ్గిపోయాయి, ఇన్‌ఫెక్షన్లు ముదిరాయి, వేరే ఎలుక చర్మాన్ని అతికిస్తే తిప్పికొట్టలేకపోయాయి. అప్పటిదాకా థైమస్‌ను పనికిరాని అవయవంగా చూసినవాళ్లే ఎక్కువ. లోపల అన్ని కణాలు చచ్చి కనిపిస్తుంటే అలా అనుకోవడంలో వింత లేదు. ఆ చావులే దాని పని అని తెలియడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

మజ్జ నుంచి థైమస్‌కు

పెద్దవాళ్ల శరీరం రోజుకు దాదాపు 20 వేల కోట్ల ఎర్రకణాలు తయారుచేస్తుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వేరే లెక్క. ఇంత ఉత్పత్తికీ మూలమైన కణాలు మజ్జలో చాలా అరుదు, పది వేల కణాల్లో ఒకటి కూడా ఉండకపోవచ్చు. మూలకణం విభజన చెందినప్పుడు కొన్ని పిల్ల కణాలు మూలకణాలుగానే మిగులుతాయి. మిగతావి మెట్టు మెట్టుకీ ఒక్కో అవకాశాన్ని వదులుకుంటూ ముందుకు పోతాయి. ఎర్రకణం, ప్లేట్‌లెట్, న్యూట్రోఫిల్ (క్రిములను ముందుగా ఎదుర్కొనే తెల్లకణం) తయారీ చాలావరకు మజ్జలోనే పూర్తవుతుంది. యాంటీబాడీలు తయారుచేసే బీ కణం కూడా తొలి దశలన్నీ అక్కడే గడుపుతుంది. టీ కణం ఒక్కటే పూర్తిగా వేరే దారి పట్టింది.

వరి నారు ఒక మడిలో పోసి వేరే పొలంలో ఊడ్చినట్టు, టీ కణాలకు మొదలు ఒక చోట, పెరుగుదల ఇంకో చోట. మజ్జ నుంచి బయల్దేరిన కొన్ని ముందస్తు కణాలు రక్తంలో తిరుగుతూ థైమస్ చేరతాయి. వాటి పైపొరలో ఉండే సీసీఆర్7, సీసీఆర్9 అనే ప్రొటీన్లు థైమస్ వెలువరించే రసాయన సంకేతాలను గుర్తుపడతాయి. ఎలుకల్లో ఇలా లోపలికి వెళ్లేవి రోజుకు పదుల్లో, మహా అయితే వందల్లో ఉంటాయని లెక్కలు చెబుతున్నాయి. అంత కొద్ది కణాల మీద అంత పెద్ద వ్యవస్థ ఆధారపడి ఉంది.

థైమస్‌లో అడుగుపెట్టినంత మాత్రాన అది టీ కణం కాదు. అప్పటికింకా బీ కణంగానో, ఎన్‌కే కణంగానో, డెండ్రిటిక్ కణంగానో, అంటే రోగనిరోధక వ్యవస్థలోని వేరే రకం కణంగా మారగల అవకాశం దానికి ఉంటుంది. దారి మార్చేది నాచ్ అనే సంకేతం. థైమస్ గోడ కణాల మీద డీఎల్ఎల్4 అనే ప్రొటీన్ ఉంటుంది. వచ్చిన కణం మీది నాచ్1 ప్రొటీన్ దాన్ని పట్టుకోగానే రెండుగా తెగి, లోపలి ముక్క నేరుగా కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిలో పెడుతుంది. మధ్యలో దూతలు లేని ఇలాంటి సంకేతాలు శరీరంలో తక్కువే. 1999లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని రెండు వైపుల నుంచీ నిరూపించాయి. నాచ్1 తీసేస్తే థైమస్‌లో టీ కణాలకు బదులు బీ కణాలు పెరిగాయి. నాచ్‌ను అతిగా పనిచేయిస్తే మజ్జలోనే టీ కణాలు పుట్టాయి. ఆ తర్వాత 2002లో టొరంటో పరిశోధకులు ఇదే సంకేతం ఇచ్చే కణాల పొర మీద మూలకణాలను పెంచి, థైమస్ లేకుండా గాజు పాత్రలోనే టీ కణాల తొలి దశలను సాధించారు.

నాచ్ సంకేతం కొన్నాళ్లు ఆగకుండా అందితే టీసీఎఫ్1, గాటా3 అనే నియంత్రణ ప్రొటీన్లు పెరుగుతాయి. చివర్లో బీసీఎల్11బీ అనే జన్యువు పని మొదలుపెడుతుంది. ఇది మొదలయ్యాక వెనక్కి తిరిగే దారి దాదాపు మూసుకుపోతుందని 2010లో వచ్చిన అధ్యయనాలు చూపాయి. ఇదే యంత్రాంగం అదుపు తప్పినా ప్రమాదమే. టీ కణాల లుకేమియా కేసుల్లో సగానికి పైగా నాచ్1 జన్యువులో మార్పులు ఉంటాయి.

ప్రతి కణానికీ కొత్త రిసెప్టర్

ఇప్పుడది టీ కణమే. కానీ శత్రువును గుర్తుపట్టే సాధనం, అంటే రిసెప్టర్, ఇంకా లేదు. ప్రపంచంలోని సూక్ష్మజీవులన్నిటికీ సరిపడా రిసెప్టర్ జన్యువులను మన డీఎన్ఏ ముందే రాసి పెట్టుకోలేదు. దానికి బదులు విడి భాగాలను మాత్రం ఉంచింది. రాగ్1, రాగ్2 అనే ఎంజైములు ఆ భాగాల్లో కొన్నిటిని ఎంచి, మధ్యలో ఉన్న డీఎన్ఏను కత్తిరించి, మిగతా కొసలను అతికిస్తాయి. అతికే చోట కొన్ని అక్షరాలు యాదృచ్ఛికంగా కలుస్తాయి కూడా. దాంతో ఒక కణం రిసెప్టర్ ఇంకో కణానికి ఉండదు. యాంటీబాడీల విషయంలో ఇలాంటి కూర్పు జరుగుతుందని తేల్చిన సుసుము టొనెగవాకు 1987లో నోబెల్ వచ్చింది. ఆ కత్తిరింపు చేసే రాగ్ జన్యువులు 1989, 1990లలో దొరికాయి.

సాధారణ టీ కణం రిసెప్టర్‌లో రెండు గొలుసులుంటాయి. వాటిలో బీటా గొలుసు ముందు తయారవుతుంది. అది సరిగా కుదిరిన కణమే బతికి, గబగబా విభజన చెంది సంఖ్య పెంచుకుంటుంది. కుదరనివి అక్కడే చచ్చిపోతాయి. తర్వాత ఆల్ఫా గొలుసు. ఈ దశలో కణం మీద సీడీ4, సీడీ8 గుర్తులు రెండూ ఉంటాయి. హెచ్ఐవీ మందులు ఇచ్చే ఏఆర్టీ కేంద్రాల వల్ల సీడీ4 కౌంట్ అనే మాట సరిహద్దు పల్లెల్లోనూ చాలామందికి తెలుసు. ఆ సీడీ4 ఇదే.

కత్తిరించి పారేసిన డీఎన్ఏ ముక్క కణంలో చిన్న వలయంగా మిగిలిపోతుంది. దాన్ని ట్రెక్ అంటారు. కణం విభజన చెందినా ఈ వలయం రెట్టింపు కాదు. కాబట్టి రక్తంలో ట్రెక్‌లు బాగా ఉన్నాయంటే థైమస్ నుంచి కొత్త టీ కణాలు వస్తున్నాయని అర్థం. టీ కణాల మొత్తం సంఖ్య ఈ సంగతి చెప్పలేదు, ఎందుకంటే పాత కణాలు విభజన చెందినా ఆ సంఖ్య పెరుగుతుంది.

నూటికి అయిదు కూడా మిగలవు

యాదృచ్ఛికంగా తయారైన రిసెప్టర్లలో ఎక్కువభాగం పనికిరానివి. కొన్ని ప్రమాదకరమైనవి కూడా. అందుకే రెండు వడపోతలు. మొదటిది థైమస్ వెలుపలి భాగంలో. అక్కడి కణాలు తమ పైపొర మీద ఉండే హెచ్ఎల్ఏ అనే గుర్తింపు ప్రొటీన్లను, వాటి మీద ఉంచిన ప్రొటీన్ ముక్కలను చూపిస్తాయి. టీ కణం శత్రువును విడిగా చూడలేదు, హెచ్ఎల్ఏ మీద పెట్టి చూపిస్తేనే చూస్తుంది. ఈ సంగతి కనుక్కున్న పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ 1996లో నోబెల్ అందుకున్నారు. హెచ్ఎల్ఏను అసలు గుర్తుపట్టలేని టీ కణం సంకేతం అందక రాలిపోతుంది. గుర్తుపట్టినవాటిలో ఒక రకం హెచ్ఎల్ఏకు స్పందించేవి సీడీ4గా, రెండో రకానికి స్పందించేవి సీడీ8గా స్థిరపడతాయి.

రెండో వడపోత ప్రధానంగా లోపలి భాగంలో. అక్కడి కొన్ని కణాల్లో ఎయిర్ అనే జన్యువు ఓ విచిత్రమైన పని చేయిస్తుంది. క్లోమంలో మాత్రమే తయారు కావలసిన ఇన్సులిన్ లాంటి ప్రొటీన్లను థైమస్‌లోనే కొద్దిగా తయారుచేయిస్తుంది. వాటిని చూసి గట్టిగా రెచ్చిపోయే టీ కణాలు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. కొన్ని మాత్రం చావకుండా రెగ్యులేటరీ టీ కణాలుగా మారతాయి. సొంత శరీరం మీద దాడిని ఆపడమే వీటి ఉద్యోగం. ఈ కణాలను, వాటిని నడిపే ఫాక్స్‌పీ3 జన్యువును వెలికితీసినందుకే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు 2025 వైద్య నోబెల్ దక్కింది. సకగుచి పరిశోధనకు బీజం కూడా థైమస్సే. పుట్టిన మూడో రోజు థైమస్ తీసేసిన ఎలుకల్లో రోగనిరోధక శక్తి తగ్గడానికి బదులు, అది సొంత అవయవాల మీదే తిరగబడిన పాత ప్రయోగం నుంచి ఆయన మొదలుపెట్టారు.

ఈ వడపోతలన్నీ దాటి బయటికి వచ్చేవి నూటికి అయిదు కూడా ఉండవు. ఎలుకల్లో ఈ ప్రయాణానికి మూడు వారాలు పడుతుంది. మనుషుల్లో అంతకంటే ఎక్కువే.

మార్పిడి తర్వాత ఏం జరుగుతుంది

ఇంతవరకు చెప్పింది అర్థమైతే డిశ్చార్జి కాగితం మీది జాబితా అర్థమవుతుంది. ఎక్కించిన మూలకణాలు మజ్జలో కుదురుకోగానే న్యూట్రోఫిల్స్ రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తాయి. డాక్టర్లు రోజూ చూసి చెప్పే కౌంట్ ప్రధానంగా ఇదే. కొత్త టీ కణం రావాలంటే మజ్జ నుంచి ముందస్తు కణం బయల్దేరాలి, థైమస్ దాన్ని తీసుకోవాలి, వడపోతలన్నీ పూర్తి కావాలి. మార్పిడికి ముందు ఇచ్చే కీమోథెరపీ, రేడియేషన్ థైమస్‌ను కూడా దెబ్బతీస్తాయి. పైగా థైమస్ బాల్యం దాటేకొద్దీ కొవ్వుగా మారిపోతుంది. పిల్లల్లో కోలుకునే వేగం ఎక్కువ, నడివయసు వాళ్లలో తక్కువ కావడానికి ఇదో పెద్ద కారణం. సికిల్ సెల్‌కు మార్పిడి చేయదలచుకుంటే చిన్న వయసులోనే మేలని నిపుణులు అనడం వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

మొదటి నెలల్లో రోగి రక్తంలో టీ కణాలు అసలే ఉండవని కాదు. దాత మజ్జతోపాటు దాత శరీరంలో అప్పటికే ముదిరిన టీ కణాలు కూడా వస్తాయి. ఇవి దాత థైమస్‌లో తయారైనవి. వాటికి దాత శరీరమే సొంతం, రోగి శరీరం పరాయిది. రోగి చర్మం, పేగులు, కాలేయం మీద అవి దాడిచేస్తే అదే జీవీహెచ్‌డీ. దాన్ని అదుపు చేయడానికి ఇచ్చే మందులు టీ కణాలనే అణచేస్తాయి. ఆ జబ్బు థైమస్‌ను కూడా పాడుచేస్తుంది కాబట్టి ఆలస్యం ఇంకా పెరుగుతుంది. తర్వాత వచ్చే టీ కణాలు వేరు. అవి దాత మూలకణం నుంచే పుట్టినా రోగి థైమస్‌లో వడపోత దాటినవి, రోగి శరీరాన్ని సొంతమని తెలుసుకున్నవి. జన్యువులు రెండిటిలోనూ దాతవే. ప్రవర్తన తేడా అంతా అవి ఎక్కడ ఎదిగాయన్న దాని నుంచే వస్తుంది. మజ్జ మార్పిడి ఫలితాన్ని మజ్జ ఒక్కటే నిర్ణయించదు. ఈ విషయం ఆస్పత్రుల్లో కుటుంబాలకు విడమరిచి చెప్పేది తక్కువ.

దాత విషయంలో ఒక లెక్క. తోబుట్టువు హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఆ తోబుట్టువు సికిల్ సెల్ క్యారియర్ (జన్యువు ఒక్క కాపీ మాత్రమే ఉన్నవాళ్లు) అయినా దాతగా పనికొస్తారు, వ్యాధి ఉండకపోతే చాలు. పూర్తిగా కలిసేవాళ్లు దొరక్కపోతే తల్లి లేదా తండ్రి నుంచి సగం కలిసిన మజ్జతో చేస్తారు. అక్కడ జీవీహెచ్‌డీ భయం ఎక్కువ గనక టీ కణాలను అణచే మందుల పాత్రా ఎక్కువే.

జన్యు సవరణలో రోగి మూలకణాలనే తీసి, మార్చి, తిరిగి ఎక్కిస్తారు. పరాయి టీ కణాలు లేవు కాబట్టి జీవీహెచ్‌డీ ఉండదు. మజ్జను ఖాళీ చేయడానికి బుసల్ఫాన్ అనే కీమో మందు మాత్రం తప్పదు. క్యాస్‌గెవీలో మార్చేది బీసీఎల్11ఏ జన్యువుకు చెందిన ఒక స్విచ్‌ను. పైన చెప్పిన బీసీఎల్11బీకి ఇది తోబుట్టువు లాంటి జన్యువు. మార్పు మూలకణంలోనే జరుగుతుంది కాబట్టి దాన్నుంచి పుట్టే టీ కణంలోనూ ఉంటుంది. కానీ ఆ స్విచ్ పనిచేసేది ఎర్రకణాల తయారీలోనే. అందుకే గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తిరిగి మొదలవుతుంది, టీ కణాల దారి మారదు. జన్యువు మొత్తాన్ని కొట్టేసి ఉంటే మూలకణాలకూ, బీ కణాలకూ ఇబ్బంది వచ్చేది. అమెరికాలో ఈ చికిత్స ధర 22 లక్షల డాలర్లు. సరిహద్దు జిల్లాల మాట అటుంచి, ముంబయిలోనూ అది ఎంతమందికి అందుతుందో ఊహించడం కష్టం కాదు.

టీకాలకూ ఇదే లెక్క. మార్పిడితో పాత టీకాల జ్ఞాపకం చాలావరకు పోతుంది. నిర్జీవ టీకాలు సాధారణంగా ఆరు నెలలు, ఏడాది మధ్యలో మళ్లీ మొదలుపెడతారు. మీజిల్స్ లాంటి సజీవ టీకాలు రెండేళ్లు నిండాక, అదీ మందులు ఆపి, జీవీహెచ్‌డీ లేదని తేలాకే.

తిండికీ థైమస్‌కూ సంబంధం

ఈ జిల్లాలకు సంబంధించి ఇంకో కోణం ఉంది. తీవ్ర పోషకాహార లోపంలో ముందుగా, ఎక్కువగా కుంచించుకుపోయే అవయవాల్లో థైమస్ ఒకటి. వైద్య చరిత్రలో దీనివల్ల ఓ ఘోరమైన పొరపాటు జరిగింది. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో వైద్య విద్యార్థులు కోసి చూసిన శవాలు ఎక్కువగా పేదలవి, దీర్ఘరోగాలతో, అర్ధాకలితో పోయినవాళ్లవి. వాళ్ల చిన్న థైమస్సే మామూలు సైజు అనుకున్నారు. హఠాత్తుగా చనిపోయిన ఆరోగ్యవంతులైన పసిపిల్లల్లో కనిపించిన మామూలు థైమస్‌ను జబ్బు అనుకున్నారు. దాన్ని తగ్గించాలని వేలమంది పిల్లలకు రేడియేషన్ ఇచ్చారు. వాళ్లలో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

బొలీవియాలో పోషకాహార లోపంతో ఆస్పత్రిలో చేరిన పిల్లలను స్కాన్‌తో గమనించినప్పుడు, బరువు నెలలో కోలుకున్నా థైమస్ కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. జింక్ ఇచ్చిన పిల్లల్లో ఆ తేడా తగ్గింది. పోషకాహార పునరావాస కేంద్రం నుంచి బరువు చూసి ఇంటికి పంపిన బిడ్డ మళ్లీ జబ్బు పడితే, తల్లి సరిగా చూసుకోలేదనే ముందు ఈ ఆలస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పెద్దవాళ్లలో థైమస్ పూర్తిగా పనికిరానిది కాదనీ తేలుతోంది. థైమస్ తీసేసిన పెద్దవాళ్లలో, తీయనివాళ్లతో పోలిస్తే, అయిదేళ్లలో మరణాలు దాదాపు మూడింతలు, క్యాన్సర్ రెండింతలు కనిపించాయని బోస్టన్ వైద్యులు 2023లో ప్రచురించారు. ఇది పాత రికార్డుల పరిశీలన కాబట్టి కారణం అదేనని తేల్చేయలేం.

పేర్లు కలిసే చికిత్సలు

కార్ టీ చికిత్సను చాలామంది మూలకణ చికిత్సగా పొరబడుతున్నారు. 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి పొందిన నెక్స్‌కార్19 కోసం తీసేది రోగి రక్తంలోని ముదిరిన టీ కణాలను. వాటికి కొత్త రిసెప్టర్ అమర్చి తిరిగి ఎక్కిస్తారు. అది కొన్ని బీ కణ క్యాన్సర్లకు, సికిల్ సెల్‌కు కాదు. ఇక ఆటిజానికీ, షుగర్‌కూ స్టెమ్ సెల్స్ అంటూ ఫోన్లలో తిరిగే ప్రకటనల సంగతి: ఐసీఎంఆర్ 2017లో మార్గదర్శకాలు ఇచ్చేనాటికి రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి తప్ప మిగతాదేదీ ఆమోదిత చికిత్స కాదు. ఆమోదం లేనిదాన్ని డబ్బు తీసుకుని చేయడానికి వీల్లేదు.

పుట్టుకతోనే టీ కణాలు లేకపోతే

రాగ్ జన్యువులో లోపం ఉన్నా, ఈ దారిలో మరేదైనా మెట్టు తెగినా బిడ్డ టీ కణాలు లేకుండా పుడుతుంది. దాన్ని స్కిడ్ అంటారు. మజ్జ మార్పిడి లేకపోతే ఇలాంటి పిల్లలు ఎక్కువమంది మొదటి రెండేళ్లలోనే చనిపోతారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2008 నుంచి పుట్టిన ప్రతి బిడ్డ మడమ రక్తంలో ట్రెక్‌లు లెక్కిస్తోంది, తర్వాత మిగతా రాష్ట్రాలూ అనుసరించాయి. మన జాతీయ కార్యక్రమంలో ఈ పరీక్ష లేదు. కానీ టీబీ రాకుండా పుట్టగానే ఇచ్చే బీసీజీ సజీవ టీకా. మామూలు పిల్లలకు అది రక్షణ, స్కిడ్ ఉన్న బిడ్డలో మాత్రం టీకాలోని క్రిమే ఒళ్లంతా వ్యాపించగలదు. అంతకుముందు కాన్పులో పుట్టిన బిడ్డ ఏడాది లోపు పదే పదే ఇన్‌ఫెక్షన్లతో పోయి ఉంటే, ఈ సంగతి ప్రసవానికి ముందే డాక్టరుకు చెప్పాలి, బీసీజీ వేసే ముందు గుర్తుచేయాలి. అనుమానానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. పర్లాకిమిడిలోనైనా అహేరిలోనైనా చేసే మామూలు సీబీసీ అనే రక్తపరీక్ష రిపోర్టులో మొత్తం తెల్లకణాల సంఖ్యను లింఫోసైట్ల శాతంతో లెక్కగడితే లింఫోసైట్ల సంఖ్య వస్తుంది. పసిబిడ్డలో అది మైక్రోలీటరుకు 3,000 కంటే తక్కువ ఉంటే, పిల్లల డాక్టరు టీ కణాల గురించి ఆలోచించాల్సిందే.